సముద్రానికి కొలతలు

మా టేపక్కకి సముద్రం మీద కోపమేమీ లేదు. తీరికే లేదు. మా ఊళ్ళో బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే సముద్రం వస్తుంది. ఎదురు కిరాణా కొట్టాయన నెల తిరక్కుండా వెళ్ళొచ్చి, సరిగ్గా మా గుమ్మం ముందే చెప్పుల్లో ఇసుక దులుపుతాడు. టేపక్క మాత్రం ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే పెళ్ళాడి, ఈ ఊళ్ళోనే అమ్మమ్మ కూడా అయి, సముద్రాన్ని క్యాలెండరు బొమ్మలో తప్ప చూసి ఎరగదు.

టేపక్క అన్నది అసలు పేరు కాదు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు కాబట్టి వీధి పిల్లలు అలా పెట్టేశారు. స్కూలు యూనిఫాంలు కుడుతుంది. ఆమె దగ్గర నేను కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, అంచులు మడుస్తాను. నాకు పేరేమీ పెట్టలేదు. పెట్టినా నా నోటికి భయపడి నా ముందు అనరు.

కొట్టు అంటే ఒక్క పొడుగాటి గది. ముందు సగం కొట్టు, వెనక సగం ఇల్లు, మధ్యలో ఒక పరదా. కిటికీ దగ్గర కుట్టుమిషను, గోడ పొడుగునా కత్తిరించే బల్ల, బల్ల కింద మిగిలిన ముక్కల మూటలు. వాళ్ళాయన పోయేనాటికి కూతురికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆయన కత్తెర ఈమె చేతికి పెద్దది. పిడికి గుడ్డ చుట్టుకుని దానితోనే కత్తిరించింది, ఇప్పటికీ దానితోనే కత్తిరిస్తుంది. కొత్తది కొనుక్కో అక్కా అంటే వినదు.

యూనిఫాం పనిలో ఒక తిరకాసు ఉంది. పిల్లలకి సెలవులు ఇచ్చిన రోజున మాకు పని మొదలవుతుంది. ఊరంతా ఎండలకి తట్టుకోలేక ఎక్కడికో అక్కడికి పోతుంటే మేం గుట్టల కొద్దీ నీలం, బూడిద రంగు బట్టల మధ్య చెమటలు కక్కుతూ ఉంటాం. బడి తలుపులు తెరిచే పొద్దుటికి ప్రతి పిల్లా కొత్త చొక్కాలో ఉండాలి. తెరిచాక మాకు ఊపిరి ఆడుతుంది. కానీ అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. పోనీ ఆదివారాలు వెళ్దామా అంటే, తల్లిదండ్రులకి తీరికయ్యేదీ ఆదివారమే. చిరిగిన జేబులు, ఊడిన జిప్పులు, నెలలోనే బిగుతైపోయిన నడుములు, అన్నీ మూటగట్టుకుని మా గుమ్మంలో దిగుతారు.

టేపక్క కూతురు ఆ బల్ల కిందే పెరిగింది. గుండీలు రంగుల వారీగా ఏరుతూ, ప్రతి ఎండాకాలం ఒకే మాట అడిగేది. "అమ్మా, సముద్రానికి ఎప్పుడెళ్దాం?"

మిషను ఆపకుండానే టేపక్క ఒకే జవాబు చెప్పేది. "బడులు తెరిచాక వెళ్దామమ్మా."

బడులు తెరిచేవారు. పిల్ల బడికి పోయేది. మళ్ళీ ఎండాకాలం, మళ్ళీ అదే మాట, అదే జవాబు. అలా అడిగి అడిగి ఒక ఏడాది అడగడం మానేసింది. ఏ ఏడాది మానేసిందో మేమిద్దరం గమనించనే లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నాకే అలా ఉంటే కన్నతల్లికి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దాసుపత్రిలో నర్సు. ప్రమాదాలు జరిగినవాళ్ళని తెచ్చే వార్డులో పని. అల్లుడు లారీ తోలతాడు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బుడ్డోడు, నోరు విప్పితే ప్రశ్న. రెండోది చిన్నది, ఇంకా మాటలు పూర్తిగా రాలేదు గానీ ఎవరేం చేస్తే అదే చేస్తుంది. నేను సూదిలో దారం ఎక్కించడానికి ఒక కన్ను మూస్తే, అదీ ఒక కన్ను మూసుకుంటుంది. తల్లి డ్యూటీకి పోతూ ఇద్దర్నీ మా కొట్లో దింపుతుంది. వాళ్ళ అమ్మ కూర్చున్న బల్ల కిందే వీళ్ళూ కూర్చుంటారు.

చలి వెనకబడ్డాక ఒకరోజు టేపక్క బుడ్డోణ్ణి బల్ల మీద నిలబెట్టి కొలతలు తీసింది. రాబోయే ఎండాకాలం పోగానే వాడు బడిలో చేరాలి. మొదటి యూనిఫాం కదా, పనిలేని రోజుల్లోనే నిదానంగా కుట్టేద్దామని మొదలుపెట్టింది. భుజం కొలిచింది, ఛాతీ కొలిచింది, నడుము చుట్టూ టేపు చుట్టి అలాగే ఆగిపోయింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"వీడికీ మొదలైపోతుందే," అంది.

"ఏంటి మొదలయ్యేది?"

"బడి. ఇంక వీడికి సెలవుంటే నాకుండదు, నాకుంటే వీడికుండదు. ఈ నెలా రెండు నెలల్లో వెళ్ళామా, వెళ్ళాం. లేదా, వీణ్ణీ వాళ్ళమ్మలాగే చేస్తాను."

ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి కూతురు రాగానే, మంచినీళ్ళైనా ఇవ్వకుండా అడిగేసింది. కూతురు చెప్పులు విప్పుతున్నదల్లా ఆగింది.

"సముద్రానికా? వద్దమ్మా."

"పెద్ద లోతుకి పోంలేవే. ఒడ్డునే."

"ఒడ్డునే పోతారమ్మా. మోకాలి లోతు నీళ్ళలో కూడా పోతారు. మా వార్డుకి తెస్తారు. ఫోన్ చూస్తూ కూర్చున్నాం సిస్టర్, ఒక్క నిమిషమే సిస్టర్, అంటారు తల్లిదండ్రులు. నేను విని విని ఉన్నాను."

టేపక్క కూతుర్ని బతిమాలే మనిషి కాదు. కానీ ఆ రోజు బతిమాలింది. బుడ్డోడి కొలతలకి సగం సుద్దగీతలు గీసిన బట్ట చేతిలో పట్టుకుని, "వీడు బడిలో పడ్డాక ఇంక కుదరదే. నీకు కుదర్లేదు చూడు," అంది. కూతురు రెండో చెప్పు కూడా విప్పి కూర్చుంది. కాసేపటికి షరతులు మొదలుపెట్టింది. నీళ్ళు మోకాలు దాటకూడదు. నేల ఉన్నట్టుండి జారిపోయే చోటు కాకూడదు. కాపలాకి లైఫ్‌గార్డు ఉండాలి. జనం ఉండే రోజు వద్దు. పిల్లలు ఎక్కడున్నా కనబడే రంగు బట్టలు వెయ్యాలి. తనూ సెలవు పెట్టి వస్తుంది. పెద్దవాళ్ళు ముగ్గురైతే మంచిది కాబట్టి పిన్ని కూడా రావాలి. పిన్ని అంటే నేనే.

"ఒక్కటి తేడా వచ్చినా సరే అమ్మా, వెంటనే తిరిగి వచ్చేద్దాం. ఇంకెప్పుడూ అడక్కూడదు," అంది.

"అడగను," అంది టేపక్క.

ఇక చూడాలి మా కొట్లో హడావిడి. వచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి ఆరా తీసింది. మా బస్సులు పోయే దారిలో మూడు బీచిలు ఉన్నాయి. దగ్గర్లోది రాళ్ళమయం, కాలు పెడితే కోసుకుంటుందని కిరాణా ఆయన కొట్టిపారేశాడు. రెండోది పెద్దది, గుర్రాలు, రంగులరాట్నం, ఐస్‌క్రీం బళ్ళు అన్నీ ఉంటాయి. నాకు అదే నచ్చింది. "పిల్లలు నీళ్ళు చూడ్డానికా, గుర్రాలు చూడ్డానికా?" అని టేపక్క నా నోరు మూయించింది. మూడోది బస్సు ఆఖరి స్టాపు, చేపల రేవు దాటాక. వాసన కొడుతుంది గానీ నీళ్ళు పల్చగా, దూరం దాకా ఒకే లోతులో ఉంటాయట.

"అట అంటే కాదు. చూసి రావాలి," అంది.

మర్నాడు కొట్టుకి తాళం వేసి ఇద్దరం వెళ్ళాం. బస్సు దిగి రేవు దాటి ఇసుక దిబ్బ ఎక్కాం. ఎదురుగా సముద్రం. జీవితంలో మొదటిసారి చూస్తోంది కదా, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అని నేను రుమాలు తీసి సిద్ధంగా ఉన్నాను. "కొంచెం గోల ఎక్కువే," అని మెడలోంచి టేపు తీసుకుని నీళ్ళలోకి నడిచింది.

నేను అబద్ధం చెప్పట్లేదు. టేపు ఒక కొస కాలివేళ్ళతో తొక్కిపట్టి, రెండో కొస చేత్తో పైకి లాగి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో చూసుకుంటూ పోయింది. పిల్లల పాదం నుంచి మోకాలి దాకా కొలతలు ముందే తీసి గుర్తు పెట్టుకుంది. నాలుగడుగులు వెయ్యడం, వంగడం, కొలవడం. అల వచ్చి టేపుని లాక్కుపోతే దాన్ని కసురుకోవడం. ఒడ్డున పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన పని ఆపి మరీ చూశాడు.

"ఏమ్మా, సముద్రానికి లాగూ కుడుతున్నారా?" అన్నాడు.

"కుడతాను. కాస్త కదలకుండా నిలబడమను," అంది టేపక్క.

ఆయన పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. ఏ వారం వస్తారో చెబితే ఏ పూట నీళ్ళు వెనక్కి పోతాయో చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. కర్రమంచె మీద లైఫ్‌గార్డు ఉన్నాడు, మెడలో ఈల ఉంది. టేపక్క వాణ్ణి కిందికి పిలిచి, నీకు ఈత వచ్చా అని అడిగింది. వాడు పాపం వచ్చనే చెప్పాడు.

బీచి కుదిరింది. బుధవారం అనుకున్నాం, ఆ రోజు జనం ఉండరు. ఇక బట్టలు. ఎక్కడున్నా కనబడే రంగు అంది కదా కూతురు. మా ముక్కల మూటల్లో నీలాలు, బూడిద రంగులు బోలెడు గానీ, పిల్లలు వాటిలో ఎవరికి కనబడతారు? అప్పుడు టేపక్క బల్ల వెనక నుంచి ఒక తాను లాగింది. పసుపు. చూస్తే కళ్ళు చెదిరే పసుపు. ఒక బడివాళ్ళు ఆటల దుస్తులకని పైనా కిందా అదే రంగు కుట్టించుకున్నారు. ఆ మిగులు.

"రెండు వీధుల అవతలున్నా కనబడతారక్కా," అన్నాను నేను. నా నోట్లో ఎవరైనా గుండీ కుక్కి ఉంటే బాగుండేది.

ఇద్దరికీ పసుపు చొక్కాలు, పసుపు పొడుగు లాగులు కుట్టింది. లాగుల మీద మోకాలి దగ్గర చుట్టూ ఎర్ర దారంతో ఒక గీత వేసింది. నీళ్ళు ఆ గీత దాటితే వెనక్కి రావాలి. బుడ్డోడికి చెప్పి, చెప్పించుకుని, మళ్ళీ చెప్పించుకుంది. అదే చేత్తో కూతురికీ ఒక తెల్ల పైజామా కుట్టింది. పిల్లకి ఆసుపత్రి బట్టలు తప్ప వేరే దిక్కు లేదని గొణుక్కుంటూ కుట్టింది.

బుధవారం వచ్చింది. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు, దుప్పటి, గొడుగు, రెండేసి జతల బట్టలు, నర్సు తెచ్చిన మందుల సంచి. ఇల్లు మారుతున్నవాళ్ళలా బస్సెక్కాం. దిగేసరికి వల ముసలాయన చెప్పినట్టే నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. జనం లేరు. సముద్రం చూసి బుడ్డోడు మొదటిసారి ఏ ప్రశ్నా అడగలేదు. నర్సు మంచె దాకా వెళ్ళి లైఫ్‌గార్డుతో మాట్లాడింది, ఇసుక తొక్కి చూసింది, చివరికి తల ఊపింది. దుప్పటి పరిచి బుడ్డోడి మొహానికి ఎండ మందు రాయడం మొదలుపెట్టింది. చిన్నది నా పక్కన, టేపక్క నా ఇంకో పక్కన.

అప్పుడు దిబ్బ అవతల రెండు బస్సులు ఆగాయి. డబ్బా చేజారి గుండీలు ఒలికినట్టు పిల్లలు దిగారు. పైనా కిందా పసుపు. ఏదో చిన్న పిల్లల తరగతులు, విహారానికి తెచ్చారు.

ఇక్కడ మేం చేసిన పని ఏ తెలివైనవాళ్ళూ చెయ్యరు. ఇంకెవరైనా అయితే ఆ రంగు చూసి గుండె గుభేలుమని ముందు తమ పిల్లని ఎత్తుకుంటారు. మేం పొంగిపోయాం.

"అక్కా, మన కుట్లే!" అన్నాను.

"మనవే. ఆ కాలరు చూడు, ఎలా కూర్చుందో."

"ఆ లావు పిల్లాడికి గుండీలు ఊడ్లేదు చూడు. నేను గట్టిగా కుట్టాను."

"ఆ పిల్లకి చంక కింద పట్టేసింది. వదులు పెట్టమంటే ఆ బడివాళ్ళు వినలేదు."

ఇద్దరం మెడలు సాచి చూస్తూనే ఉన్నాం. పిల్లల్ని కాదు, చొక్కాల్ని. ఎంతసేపో తెలీదు. "చిన్నదేది?" అని నర్సు అడిగింది. చూస్తే నా పక్కన ఇసుకలో చిన్న గుంట ఉంది, పిల్ల లేదు.

నేను లేచాను. ఎటు చూసినా పసుపే. నీళ్ళ అంచున పసుపు, దిబ్బ మీద పసుపు, పడవల చుట్టూ పసుపు. ఎర్ర గీత అంటారా, పరిగెత్తే కాళ్ళ మీద దారం గీత ఎవరి కంటికి ఆనుతుంది? టేపక్క నీళ్ళ వైపు పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం నేను అంతకు ముందు చూడలేదు. నేను బుడ్డోడి చెయ్యి వాడు ఏడ్చేంత గట్టిగా పట్టుకున్నాను. వార్డులో రక్తం చూసి బెదరని నర్సు మాత్రం ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత నేరుగా వాళ్ళ టీచరు దగ్గరికి వెళ్ళి రెండు భుజాలూ పట్టుకుంది.

"మా పాప కనబడట్లేదండీ. చిన్నపిల్ల. పసుపు చొక్కా, పసుపు లాగు."

టీచరు చుట్టూ చూసింది. "అందరూ అవేనమ్మా," అంది. అని, తన మాట తనకే వినబడి మొహం పాలిపోయింది. వెంటనే లైఫ్‌గార్డుని నీళ్ళు చూడమని కేకేసి, ఈల ఊదింది. "లైన్! పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక! ఎవరూ కదలకూడదు!"

ఆ పిల్లలకి ఆ ఈల అలవాటు. చూస్తూ చూస్తుండగా ఆ పసుపంతా వరసలయింది. బడిలో చేసినట్టే ఒక్కొక్కరూ చేతులు చాపి ముందువాళ్ళ భుజాల మీద పెట్టారు. మొదటి వరసలో అందరికన్నా ముందు, అందరికన్నా పొట్టిగా, చేతులు చాపి నిలబడి ఉంది మా చిన్నది. దానికి ముందు ఎవరూ లేరు కాబట్టి ఆ చేతులు సముద్రం వైపు ఉన్నాయి. నోట్లో ఎవరో పెట్టిన బిస్కెట్టు ఉంది.

నర్సు దాన్ని ఎత్తుకుని ఇసుకలో కూలబడింది. చేత్తో దాని తల తడిమింది, వీపు తడిమింది, కాళ్ళు తడిమింది. టేపక్క తడిసిన బట్టలతో వచ్చి దూరంగా నిలబడింది. దగ్గరికి రావడానికి ధైర్యం చాల్లేదు. నాకూ చాల్లేదు.

నర్సుకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "పదండి. సర్దండి," అంది.

టేపక్క వాదించలేదు. అన్నీ నీ ఆసుపత్రి భయాలే అనలేదు, దొరికింది కదా అనలేదు. అడగనని మాట ఇచ్చింది కదా. వంగి దుప్పటి దులిపి మడవసాగింది. కొస కొస సరిగ్గా కలిసేలా, కొట్లో బట్ట మడిచినట్టే మడిచింది. నేను గుడ్ల డబ్బా మూత పెట్టాను. ఎవరూ ఒక గుడ్డు కూడా తినలేదు. అవతల ఆ బడి పిల్లలు అప్పుడే నీళ్ళలోకి దిగి కేరింతలు కొడుతున్నారు.

బుడ్డోడు వాళ్ళకేసి చూశాడు, మడిచిన దుప్పటికేసి చూశాడు. వాడి పాదాలు కూడా తడవలేదు. ఏడవలేదు గానీ అమ్మమ్మ చీర కొంగు పట్టుకుని లాగాడు.

"అమ్మమ్మా, మళ్ళీ ఎప్పుడొద్దాం?"

టేపక్క దుప్పటి సంచిలో కుక్కుతోంది. తలెత్తకుండానే, మనసు ఎక్కడో ఉండి, ఇన్నేళ్ళూ నోటికి అలవాటైన మాట అనేసింది.

"బడులు తెరిచాక వెళ్దామమ్మా."

అన్నాక గానీ తెలియలేదు. సంచిలో పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను నర్సు మొహం చూడలేక ఇసుక చూశాను.

తర్వాత నర్సు లేచింది. చిన్నదాన్ని నా ఒడిలో పెట్టి, నేను ఎండకని తలకి కట్టుకున్న ఆకుపచ్చ గుడ్డ విప్పి, ఆ పసుపుల్లో వేరుగా కనబడేలా దాని నడుముకి కట్టింది. తన తలకున్న నీలం గుడ్డ బుడ్డోడి నడుముకి కట్టింది. తర్వాత ఒంగి తన పైజామా కాళ్ళు పైకి మడవడం మొదలుపెట్టింది. ఒక మడత, రెండో మడత, మోకాలి దగ్గరికి వచ్చి ఆగింది.

లోపలివైపు ఎర్ర దారం గీత ఉంది. చుట్టూరా, సన్నటి చేతికుట్టు. నాకు కూడా చెప్పకుండా వేసింది మా టేపక్క.

"అమ్మా, నాకెందుకే ఇది?"

"నీకు మాత్రం ఈత వచ్చా ఏంటి?" అంది టేపక్క, అటు తిరిగి.

నర్సు ఆ మడత పూర్తిచేసింది. పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని నీళ్ళ వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళి, వాళ్ళ గీతలు తడిసేదాకా ఆడనిచ్చి, ఇద్దర్నీ నా దగ్గరికి లాక్కున్నాను. వాళ్ళమ్మ ఆగలేదు. ఒక అల వచ్చి తగిలితే కెవ్వుమని అరిచింది. ఇంకో అడుగు వేసింది. మడిచిన పైజామా తడిసింది, నడుము దాకా తడిసింది, జుట్టు ముడి ఊడింది. వార్డులో గొంతు తగ్గించి మాట్లాడే మనిషి పగలబడి నవ్వుతోంది.

ఒడ్డున టేపక్క రెండు చేతులూ ఊపుతోంది. "గీత దాటావే! వెనక్కి రా! గీత!"

కూతురు వెనక్కి తిరిగింది. పిల్లల తల్లి గొంతు కాదు అది. బల్ల కింద గుండీలు ఏరుకునే పిల్ల గొంతు.

"ఇంకొక్క అల అమ్మా! ఒక్కటే!"

టేపక్క చేతులు దించింది. మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకి వినబడేలా, నా చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"ఎన్ని కావాలంటే అన్ని ఆడుకోవే!"